ఆరుగురూ స్మాషర్లే అయితే బంతి లేపేదెవరు

మా అక్కని పాతపట్నం ఇచ్చాం. పర్లాకిమిడిలో ఆటో ఎక్కితే ఒక కబురు పూర్తయ్యేలోపే దిగిపోవాలి, మధ్యలో ఒడిశా పోయి ఆంధ్రా వచ్చిందని ఫోన్‌లో మెసేజ్ చూస్తే తప్ప తెలీదు. వాళ్లబ్బాయి ఎనిమిదో తరగతి. ఆదివారం పొద్దున్నే మా ఇంటికి దిగిపోతాడు. అమ్మమ్మ చేతి అట్లు తినడానికి వస్తున్నాడని మా అమ్మ నమ్మకం గానీ, వాడు వచ్చేది నన్ను పోకెమాన్ అనే వీడియో గేమ్‌లో చితక్కొట్టడానికి. పోయిన వేసవి నుంచి వాడితో వరసగా 23 మ్యాచ్‌లు ఓడాను. లెక్క నేను పెట్టలేదు, వాడే పెట్టాడు, నా జిరాక్స్ షాపు గోడకి తగిలించిన కరెంటు బిల్లు వెనకాల ఐదేసి గీతలు గీసి.

నాకు ఈ ఆట కొత్తేం కాదు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, టీవీలో పికాచు హిందీ, ఆట ఇంగ్లీషు, అలా నాలుగు భాషల మధ్య పెరిగిన బ్యాచ్ మాది. హైస్కూల్లో ఉండగా నెట్ సెంటర్‌కి పోయి ఎమరాల్డ్ అనే పాత పోకెమాన్ ఆట ఆడేవాణ్ణి. అప్పట్లో టీమ్ అంటే ఏముంది, పోకెమాన్‌లనే ఆ ఆరు వింత జంతువుల్లో ఒక్కదాన్ని తెగ మేపి తొంభై లెవెల్‌కి తెచ్చి, మిగతా ఐదింటినీ తీర్థానికి తీసుకెళ్లినట్టు వెనకాల తిప్పడమే. కథలో ఎదురయ్యే కంప్యూటర్ ఆటగాళ్లని అలా కొట్టేయొచ్చు. మనిషి మీద ఆ పప్పులు ఉడకవని నాకు తెలీదు, ఎందుకంటే మనిషితో ఎప్పుడూ ఆడలేదు.

నిరుడు బెంగళూరులో పనిచేసే స్నేహితుడొకడు పాత స్విచ్, అంటే వీడియో గేమ్ మిషన్, అమ్మేస్తానంటే, అందులో స్కార్లెట్ అనే పోకెమాన్ ఆట కూడా ఉందంటే, మారు మాట్లాడకుండా కొనేశాను. 2022 నవంబరులో వచ్చిన ఆట అది. కథ పూర్తి చేశాను, ఇంక ఆన్‌లైన్ ర్యాంక్ మ్యాచ్‌లకి దిగుదాం అనుకుని నాకు చిన్నప్పటి నుంచి ఇష్టమైనవాటిని ఆరింటిని వరసగా నిలబెట్టాను: ఛారిజార్డ్, గ్యారడోస్, గార్‌చాంప్, డ్రాగనైట్, టైరానిటార్, లుకారియో. చూస్తుంటేనే కడుపు నిండిపోయేది. గ్యారడోస్‌కి కొర్రమీను అని పేరు కూడా పెట్టుకున్నాను, ఇంగ్లీషు అక్షరాల్లో పది, పెట్టెలో సరిపోయింది.

ఆట తెలియనివాళ్లకి రెండు ముక్కలు చెప్పాలి, తెలిసినవాళ్లు ఈ పేరా దాటేయండి. పోటీల్లో ఆడేది జంటల ఆట. ఇద్దరూ ఆరేసి చూపించుకుంటారు, వాటిలోంచి నాలుగే దింపాలి, మైదానంలో ఒక్కసారి రెండేసి నిలబడతాయి. ఎంత పెంచినా అందరినీ లెవెల్ 50 కిందే లెక్కేస్తారు, కాబట్టి నేను రాత్రిళ్లు కూర్చుని 100కి చేర్చింది ఏ మూలకీ రాలేదు. ఇక ఒక్కోదాని బలం మూడు చోట్ల నుంచి వస్తుంది. పుట్టుకతో వచ్చేది ఐవీ, ఆరు స్టాట్లకీ (హెచ్‌పీ అంటే ప్రాణం, అటాక్ అంటే దాడి, స్పీడ్, ఇలాంటి బలాల అంకెలు) విడివిడిగా 0 నుంచి 31 దాకా ఉంటుంది. స్వభావం నేచర్, మొత్తం 25 రకాలు, అందులో 20 రకాలు ఒక స్టాట్‌ని పది శాతం పెంచి ఇంకోదాన్ని పది శాతం తగ్గిస్తాయి. మూడోది ఈవీ, అంటే మనం తిండి పెట్టి, సాము చేయించి తెప్పించే కండ. మొత్తం 510, ఒక్క స్టాట్‌లో 252కి మించి పట్టదు. లెవెల్ 50లో మొదటి 4 ఈవీలకి ఒక పాయింటు, తర్వాత ప్రతి 8కి ఒక పాయింటు, అలా 252 పోస్తే 32 పాయింట్లు పెరుగుతుంది.

ఇదంతా చదివి నాకు అర్థమైంది ఒక్కటే. దాడిలో 252, స్పీడ్‌లో 252, మిగిలిన ఆరూ వదిలెయ్. ఆరింటికీ అదే. ఆటలో విటమిన్ సీసా ఒక్కోటి 10,000, తాగితే 10 ఈవీలు. 252 నిండాలంటే 26 సీసాలు, అంటే ఒక్కో స్టాట్‌కి 2,60,000, ఒక్కోదానికి రెండు స్టాట్లు, ఆరింటికీ కలిపి 31 లక్షల పైచిలుకు. ఆ డబ్బు కోసం ఆటలో నేను చేసిన చాకిరీ షాపులో చేసి ఉంటే రెండో మిషన్ కొనేవాణ్ణి. తర్వాత మావాడు చెప్పాడు, పవర్ యాంక్లెట్ అని ఒకటి కాలికి కట్టి స్పీడ్ ఈవీ ఒకటిచ్చే చిన్నవాటిని కొడితే ఒక్కోదానికి 9 వస్తాయి, 28 కొడితే సరిగ్గా 252, పైసా ఖర్చు లేదు అని. అది ముందే తెలిస్తే బాగుండేది.

మొదటి ఆదివారం మావాడు నా కొర్రమీనుని చూసి చాలాసేపు ఏమీ అనలేదు. పిల్లలు నవ్వకుండా చూస్తే ఇంకా టెన్షన్.

"మావయ్యా, దీనికి సర్ఫ్ ఎందుకు నేర్పావు?"

"నీళ్లది కదరా, నీళ్ల దెబ్బ కొట్టదా?"

వాడు స్టాట్ల పేజీ తెరిచి వేలు పెట్టి చూపించాడు. అటాక్ 194. స్పెషల్ అటాక్ 72. సర్ఫ్ కొట్టినప్పుడు లెక్కలోకి వచ్చేది ఆ 72. నేను 2,60,000 పోసి, అటాక్ పెంచే అడమంట్ నేచర్ చూసి మరీ కట్టిన 194 అలా దేవుడి గదిలో వెండి గ్లాసులా కూర్చుని ఉంది.

నా తప్పుకి ఒక చరిత్ర ఉంది, అది కూడా చెప్పుకుంటాను. ఎమరాల్డ్ కాలంలో దెబ్బ కండబలానిదా, స్పెషలా అన్నది దాని జాతిని బట్టే ఉండేది, నీళ్ల దెబ్బలన్నీ స్పెషలే, నిప్పు, కరెంటు, మంచు కూడా అంతే. పాపం గ్యారడోస్‌కి అంత కండ ఉన్నా సొంత నీళ్ల దెబ్బకి అది పనికొచ్చేది కాదు. 2006లో డైమండ్, పర్ల్ ఆటలు వచ్చినప్పుడు ఆ పద్ధతి మార్చి ఒక్కో దెబ్బకీ విడిగా నిర్ణయించారు, వాటర్‌ఫాల్ కండబలంతో కొట్టేదయ్యింది, గ్యారడోస్ రాత మారిపోయింది. నేను ఆ సంగతి తెలియకుండా ఇన్నేళ్లూ నెట్ సెంటర్ తెలివితో బతికేశాను.

ఆ రోజు వాడు నాకు షోడౌన్ చూపించాడు. ఫోన్ బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది, డబ్బులు లేవు, ఏ పోకెమాన్ కావాలంటే అది, ఏ ఈవీ కావాలంటే ఆ అంకె టైప్ చేసుకోవడమే. ముందు ఇందులో పది మ్యాచ్‌లు ఆడి టీమ్ నిలబడుతుందో లేదో చూసుకుని, ఆ తర్వాత స్విచ్‌లో పెంచాలట. ఇల్లు కట్టేశాక ప్లాన్ గీయించినట్టుంది నా పని. వాడికి స్విచ్ లేదు, వాళ్లమ్మ ఫోన్‌లో షోడౌన్ ఒక్కటే. ఇద్దరం దాంట్లోనే మొదలుపెట్టాం.

మొదటి మ్యాచ్ గురించి ఎక్కువ చెప్పను, కొంచెమే చెప్తాను. వాడు దింపింది ఫారిజిరాఫ్, ఐరన్ హ్యాండ్స్. మొదటిది జిరాఫీ, రెండోది పెద్ద పెద్ద చేతులున్న ఇనప పహిల్వాన్, రెండూ నత్తలే. నావి ఆరూ చిరుతలు. నవ్వుకున్నాను. జిరాఫీ ట్రిక్ రూమ్ వేసింది, ఐదు టర్నుల పాటు లోకం తలకిందులు, ఎవరు నెమ్మదైతే వాళ్లే ముందు. ఇక ఐరన్ హ్యాండ్స్ మొదలుపెట్టింది. కరెంటు దెబ్బ గ్యారడోస్‌కి నాలుగింతలు. మంచు పిడిగుద్దు గార్‌చాంప్‌కి నాలుగింతలు, డ్రాగనైట్‌కి నాలుగింతలు. కుస్తీ దెబ్బ టైరానిటార్‌కి నాలుగింతలు. లుకారియోకీ ఛారిజార్డ్‌కీ మాత్రం దయతలచి రెండింతలు. నేను ప్రేమగా ఏరుకున్న ఆరింటికీ ఆ ఒక్కడి దగ్గర మందుంది. స్పీడ్‌కి పోసిన లక్షలన్నీ నన్నే చివర్లో నిలబెట్టాయి.

రెండో మ్యాచ్‌లో అంతకన్నా ఘోరం. గార్‌చాంప్ పక్కన లుకారియోని పెట్టి ఎర్త్‌క్వేక్ కొట్టాను. జంటల ఆటలో ఎర్త్‌క్వేక్ పక్కవాణ్ణి కూడా కొడుతుందని నాకు గుర్తులేదు. నా లుకారియోని నేనే చంపుకున్నాను. వాడు ఫోన్ పక్కన పెట్టి మంచం మీద పొర్లి పొర్లి నవ్వాడు, మా అమ్మ వంటింట్లోంచి "ఏటైందిరా గుంటడికి?" అని పరుగెత్తుకొచ్చింది.

పదిహేనో ఓటమో పదహారోదో, ఆ సాయంత్రం మరమరాలూ గుగ్నీ తింటూ వాడు ఒక మాటన్నాడు. "మావయ్యా, నీ టీమ్‌లో ఎవడికీ ఎవడితో పని లేదు." అట్టలో మిగిలిన గుగ్ని గోకుతూ అన్నాడు, పెద్ద విషయం చెప్తున్నట్టు కూడా లేదు. నాకు మాత్రం కాలేజీ రోజుల వాలీబాల్ గుర్తొచ్చింది. మా జట్టులో పొడుగ్గా ఉన్నవాళ్లందరికీ స్మాష్ కొట్టాలని ఉండేది, నాక్కూడా. స్మాష్‌కి బంతి లేపిచ్చే లిఫ్టర్ మాత్రం ఒక్కడే, భుజం దాకా కూడా రాడు, బక్కమనిషి, ఎప్పుడూ ఒక్క పాయింటు కొట్టిన పాపాన పోలేదు. వాడు జ్వరమొచ్చి రాని రోజు మేం ఎవరి చేతిలోనైనా ఓడేవాళ్లం. ఆరుగురు నిలబడే కోర్టు. ఇక్కడా ఆరే. పదేళ్లు ఆడిన బుర్రకి ఆ పోలిక తట్టడానికి పదహారు ఓటములు పట్టింది.

సరే, కొర్రమీనుని వదలను, అది స్మాషరు. మిగతావన్నీ దానికోసం ఎవరేం చేస్తారో చూసి పెట్టాలి. ఇలా ఆలోచించడం మొదలుపెట్టాక ఆట వేరేగా కనపడింది.

లిఫ్టర్ దొరకడం తేలికే. విమ్సికాట్. దూదిపింజకి కళ్లు పెట్టినట్టుంటుంది, ఊదితే ఎగిరిపోయేలా. దానికి ప్రాంక్‌స్టర్ అనే గుణం ఉంది, కొట్టని పనులేవైనా మామూలు దెబ్బలకంటే ముందు చేసేస్తుంది. అది టెయిల్‌విండ్ వేస్తే నాలుగు టర్నులు మనవైపు అందరి స్పీడూ రెట్టింపు. చేతికి ఫోకస్ సాష్ ఇస్తే నిండు ప్రాణంతో ఉన్నప్పుడు ఎంత దెబ్బ తగిలినా ఒక్క పాయింటుతో బతుకుతుంది, అంటే గాలి వేసేదాకా చావదు. అంతే కావాలి దాని నుంచి.

ఇక్కడే నాకు అసలు సంగతి తగిలింది. టెయిల్‌విండ్ ఉన్నప్పుడు కొర్రమీనుకి 252 స్పీడ్ ఎందుకు? ఒకరోజు మధ్యాహ్నం షాపులో గిరాకీ లేదు, కాగితం తీసి లెక్కేశాను. నాకు తరచూ తగిలే వేగవంతుడు ఫ్లట్టర్ మేన్, గాలిలో తేలే దెయ్యం. స్పీడ్ పెంచే టిమిడ్ నేచర్‌తో పూర్తిగా పెంచితే దాని స్పీడ్ 205. అడమంట్ గ్యారడోస్‌కి స్పీడ్‌లో ఒక్క ఈవీ లేకపోయినా 101. రెట్టింపు చేస్తే 202, చాలదు. 4 ఈవీలు పెడితే 102, రెట్టింపు 204, అయ్యో. 12 పెడితే 103, రెట్టింపు 206. ఒక్క పాయింటు పైన! 252 కాదు, పన్నెండు. మిగతా 240 ఇన్నాళ్లూ నేను గాలికి పోశాను. (బూస్టర్ ఎనర్జీ అని ఒకటుంది, అది పట్టుకుని స్పీడ్ పెంచుకొచ్చిన ఫ్లట్టర్ మేన్‌ని ఇది అందుకోలేదు. అందరినీ అందుకోవాలని చూసినవాడి గతి మొదటి టీమ్‌లో చూశాం కదా.)

ఆ లెక్కలో ఉండగానే ఒకావిడ ఆధార్ కార్డు పట్టుకుని వచ్చింది, "భాయినా, జెరాక్స్ హెబ కి?" అని ఒడియాలో, అన్నా జెరాక్స్ అవుతుందా అని. హెబ హెబ అంటూ మిషన్ మూత ఎత్తి కార్డు బదులు నా లెక్కల కాగితం పెట్టి రెండు కాపీలు తీసి ఇచ్చాను. ఆవిడ మెట్లు దిగి, ఆగి, కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి వెనక్కి వచ్చింది. అందులో "ఫ్లట్టర్ 205, కొర్ర 206" అని రెండు గీతల కింద రాసి ఉంది. చీటీల ఆటేమో అనుకుని ఉంటుంది.

ఆ ఈవీలు వెనక్కి తీయడానికి టమాటో బెర్రీలు తినిపించాలి, నిజంగానే ఆ పేరే, ఒక్కోటి తింటే స్పీడ్‌లో 10 ఈవీలు పోతాయి. 252 నుంచి 12కి రావాలంటే 24 కాయలు. ఆ తర్వాత హెచ్‌పీ మీద 24 సీసాలు, పైన నాలుగు ఈకలు, ఈక ఒక్కింటికి ఒక్క ఈవీ, మొత్తం 244. దాని ప్రాణం 170 నుంచి 201కి వచ్చింది. అదే కొర్రమీను, అదే 194 దాడి, కాకపోతే ఇంతకుముందు ఒక దెబ్బకి పోయేది ఇప్పుడు నిలబడి తిరిగి కొడుతుంది.

ఇంకో లెక్క కూడా ఆ కాగితం మీదే చేశాను. ఈ ఆటలో ఒకే దెబ్బకి 16 రకాల ఫలితాలుంటాయి, అదృష్టాన్ని బట్టి 85 శాతం నుంచి నూరు శాతం దాకా. హెచ్‌పీలో, డిఫెన్స్‌లో ఏమీ పెట్టని ఫ్లట్టర్ మేన్‌ని నా వాటర్‌ఫాల్ ఒక్క దెబ్బకి కూల్చేది 16లో 7 సార్లే. మిస్టిక్ వాటర్ చేతికిస్తే నీళ్ల దెబ్బ 20 శాతం పెరుగుతుంది, అప్పుడు 16కి 16. అంతకుముందు దానికి ఏ వస్తువు పట్టించానో చెప్పను, పరువు పోతుంది.

కరెంటు భయం మిగిలింది. నీళ్లూ రెక్కలూ రెండూ ఉన్నదానికి కరెంటు నాలుగింతలు, ఎదుటివాడు ఎవడైనా మొదట కొట్టేది అదే. ఈ చిక్కు నాకంటే ముందు పడ్డవాళ్లున్నారు. 2014లో వాషింగ్టన్‌లో జరిగిన ప్రపంచ పోటీ కొరియా ఆటగాడు సె జున్ పార్క్ గెలిచాడు. అతని జట్టులో గ్యారడోస్ ఉంది, దాంతో పాటు పచిరిసు అనే ఉడతపిల్ల కూడా ఉంది. అంతకుముందు దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఆ ఉడత "ఫాలో మీ" అని దెబ్బలన్నీ తన మీదికి లాక్కునేది, పైగా దాని గుణం వల్ల కరెంటు తగిలితే దెబ్బ తగలకపోగా ప్రాణం పెరిగేది. గ్యారడోస్ మీదికి వచ్చే పిడుగుని ఉడత తాగేస్తుందన్నమాట! ఇది చదివి నేను ఎగిరి గంతేసి పచిరిసుని టీమ్‌లో పెట్టేశాను, మూడు మ్యాచ్‌లు వరసగా ఓడాను. మా అల్లుడు విసుక్కున్నాడు. ఆయన ఆ ఏడాది ఎదురయ్యేవాళ్లని చూసి దాన్ని తెచ్చాడు, నువ్వు ఆయన్ని చూసి తెచ్చావు అన్నాడు. ఎనిమిదో తరగతి పిల్లాడండీ.

నాకు పనికొచ్చింది అమూంగస్, పుట్టగొడుగు. వానలు పడ్డాక మహేంద్రతనయ గట్టున గడ్డిలో తలలెత్తినట్టుంటుంది. రేజ్ పౌడర్ అని చల్లి దెబ్బల్ని తన మీదికి తిప్పుకుంటుంది, గడ్డి జాతి కాబట్టి కరెంటు సగమే తగులుతుంది. వాలీబాల్‌లో వెనక లైన్లో మోకాళ్లు గీరుకుపోయేలా బంతి లేపేవాడు ఉంటాడే, వాడు. అంతకంటే పెద్ద ఉపకారం ఇంకోటుంది. మావాడి ట్రిక్ రూమ్‌ని ఆపాలని ముందు విమ్సికాట్‌తో టాంట్, అంటే ఎదుటివాణ్ణి దెబ్బలు తప్ప ఇంకేమీ వేయనివ్వని ఎత్తు, వేయించాను, కానీ జిరాఫీ తోక గుణం ఒకటుందిట, ముందుగా దూరే ఎత్తులు ఏవీ దాని దగ్గర పారవు. ఇక ఆపడం మానేసి అందులోనే బతికేవాణ్ణి తెచ్చుకున్నాను. అమూంగస్‌కి స్పీడ్ ఐవీ 0, స్పీడ్ తగ్గించే నేచర్, అప్పుడు దాని స్పీడ్ 31. ఐరన్ హ్యాండ్స్‌ని ఎంత బద్ధకంగా పెంచినా 49. తలకిందుల లోకంలో 31 ముందు, స్పోర్ చల్లి పహిల్వాన్‌ని నిద్రపుచ్చుతుంది.

షోడౌన్‌లో సున్నా టైప్ చేస్తే చాలు గానీ స్విచ్‌లో ఆ సున్నా కోసం నేను పడ్డ పాట్లు వేరు. ఐవీ పెంచడానికి బాటిల్ క్యాప్‌లున్నాయి, తగ్గించడానికి ఏమీ లేదు. పుట్టుకతో సున్నా వచ్చినదే కావాలి. రాత్రి పదకొండుకి, మా ఆవిడ పక్కన నిద్రపోతుంటే, నేను పుట్టగొడుగుల్ని ఒక్కోటీ పట్టి వాటిలో అందరికంటే పనికిమాలినది ఏదని వెతుకుతున్నాను. పట్టినది చురుగ్గా ఉంటే తిట్టుకునేవాణ్ణి.

ఇన్సినరోర్‌ని కూడా తీసుకున్నాను, అందరూ తీసుకుంటారు కాబట్టి. మైదానంలోకి వస్తూనే ఇంటిమిడేట్‌తో ఎదుటివాళ్ల అటాక్‌ని మూడింట రెండొంతులకి దించుతుంది. గ్యారడోస్‌కీ అదే గుణం. రెండూ కలిసి దిగి డబుల్ గర్జన చేస్తే ఎదుటివాడు చచ్చిన పాములా పడుంటాడు అనుకున్నాను. మావాడు కింగాంబిట్‌ని తెచ్చాడు. దాని గుణం డిఫయంట్, అంటే ఎవరైనా దాని బలం ఒక మెట్టు తగ్గిస్తే అది కోపంతో రెండు మెట్లు ఎక్కుతుంది. నావి రెండూ గర్జించాయి, అది లెక్క చూసుకుని దాడి రెట్టింపు చేసుకుని కూర్చుంది. పండక్కి పిలిచి కొత్త బట్టలు పెట్టి పంపినట్టయింది. అప్పటి నుంచి వాడి ఆరింటిలో కింగాంబిట్ కనపడితే ఈ రెంటినీ ఒకే మ్యాచ్‌లో దింపను. ఆరు పెంచి నాలుగే దింపే ఆటలో ఆ మిగతా రెండిటికీ ఉన్న విలువ అదే, ఎప్పుడు కూర్చోవాలో తెలియడం.

గార్‌చాంప్ ఉండిపోయింది, ఎందుకంటే దాని ఎర్త్‌క్వేక్ గాల్లో ఉన్న గ్యారడోస్‌కి తగలదు, ఆ రెండూ పక్కపక్కన నిలబడొచ్చు. ఆరోది ఐరన్ హ్యాండ్స్. అవును, మావాడిదే కాపీ కొట్టాను. జిరాక్స్ షాపువాణ్ణి, ఇంకేం చేస్తాను.

ఛారిజార్డ్‌ని పెట్టెలో పెట్టేటప్పుడు కొంచెం బాధేసింది.

24వ మ్యాచ్ పోయిన ఆదివారం, మధ్యాహ్నం భోజనాలయ్యాక, కరెంటు లేదు, ఇద్దరం వసారాలో చాప మీద. వాడు మళ్లీ జిరాఫీ, పహిల్వాన్. నేను పుట్టగొడుగు, నా పహిల్వాన్. ట్రిక్ రూమ్ పడింది, ఆ ఐదు టర్నులూ వాడి పహిల్వాన్‌ని నిద్రలో పెట్టి, అడ్డాలు పెట్టి, జిరాఫీనీ, దాని బదులు వచ్చినదాన్నీ కూల్చి, నా రెండూ పోగొట్టుకుని ఎలాగో గడిపాను. లోకం మళ్లీ మామూలుగా అయింది. వాడికి సగం ప్రాణంతో మేలుకున్న ఐరన్ హ్యాండ్స్, తాజా ఫ్లట్టర్ మేన్. నాకు విమ్సికాట్, కొర్రమీను. దూదిపింజ గాలి వేసింది. వాడి కరెంటు కొర్రమీను మీద పడాల్సింది, ఆ టర్నుకి దెబ్బ తగలకుండా ప్రొటెక్ట్ పెట్టాను.

తర్వాతి టర్ను చేతులు చెమట పట్టాయి. ఈ ఆటలో మ్యాచ్‌కి ఒక్కసారి టెరా అని జాతి మార్చుకోవచ్చు. స్విచ్‌లో దీనికోసం 50 ముక్కలు ఏరి, ఆటలోని మెడాలీ ఊళ్లో హోటల్‌కి పట్టుకెళ్లి ఇస్తే జాతి మార్చి పెడతారు, నేను నేల జాతి పెట్టించుకున్నాను, షోడౌన్‌లోనూ అదే. నేలకి కరెంటు అసలు తగలదు. టెరా నొక్కి వాటర్‌ఫాల్ నొక్కాను. దూదిపింజ మూన్‌బ్లాస్ట్ కొట్టి పహిల్వాన్‌ని పడగొట్టింది. ఆ తర్వాత ఎవరు కదులుతారా అని చూస్తున్నాను, 206, 205, 206, 205 అని లోపల అనుకుంటూ.

కొర్రమీను కదిలింది.

ఫ్లట్టర్ మేన్ ప్రాణం జర్రున దిగి, ఒక్క పాయింటు దగ్గర ఆగింది. ఫోకస్ సాష్! 16కి 16 లెక్కేసినవాడికి అది గుర్తుండొద్దూ. వాడు చిన్నగా నవ్వాడు, థండర్‌బోల్ట్ వచ్చింది, నేల జాతి కొర్రమీనుకి తగల్లేదు. నవ్వు ఆగింది. తర్వాతి టర్నుకి అయిపోయింది.

కొంచెంసేపు ఫోన్ చూసుకుంటూ ఉండిపోయాడు. నేను లేచి కరెంటు బిల్లు తిరగేసి, గీతల అవతలివైపు, ఇన్నాళ్లూ ఖాళీగా ఉన్నవైపు, ఒక గీత గీశాను. పెద్దదే గీశాను.

"మావయ్యా, గ్యారడోస్ స్పీడ్‌లో ఎంత పెట్టావు?"

"తెలీదురా. ఏదో పెట్టాను."

"252 పెడితే అన్ని దెబ్బలు తిని నిలబడదు. చెప్పు మావయ్యా."

"అమ్మమ్మనడుగు."

సాయంత్రం ఆటో ఎక్కించడానికి వెళ్లాను. వాడు కిటికీ పక్కన కూర్చుని వేళ్ల మీద ఏదో లెక్కపెడుతున్నాడు, పెదాలు కదులుతున్నాయి, నాకు 202 అన్నట్టు వినిపించింది. డ్రైవర్ ఇంకా ఇద్దరు ఎక్కితే గానీ కదలనన్నాడు. ఆ ఇద్దరూ తొందరగా వస్తే బాగుండు అనుకుంటూ నిలబడ్డాను.